ఇరవై ఒక్క అంగుళాల ఎత్తు

కారు కొనాలనుకునే వాళ్ల కోసం నేను తయారు చేసుకున్న జాబితా ఒకటి ఉంది. అందులో డెబ్బై రెండు అంశాలు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, వాహనాల విడిభాగాల నాణ్యత చూసే ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని మొదలుపెట్టాను. స్నేహితుడికి కారు చూసిపెట్టినప్పుడు పన్నెండు అంశాలుండేవి. మేనత్త కారుకు వచ్చేసరికి ముప్పై దాటాయి. ప్రతి కారూ నేను మర్చిపోయిన ఒక విషయాన్ని గుర్తు చేసేది, నేను దాన్ని కింద చేర్చేవాణ్ని. గేరు మారేటప్పుడు కుదుపు ఎంత, వెనక అద్దంలోంచి కనిపించే రోడ్డు ఎంత, డిక్కీ మూత ఎత్తితే తల తగులుతుందా, ఏసీ వేసి ఎత్తు ఎక్కితే ఇంజన్ గొంతు మారుతుందా. ఒక్కో అంశానికి పది మార్కులు. మొత్తం కూడితే ఏ బండి మొదటిదో అదే తేలిపోతుంది, మనిషి అభిప్రాయంతో పని లేదు. దాని మీద నాకు అంత నమ్మకం.

పెద్దనాన్న ఫోన్ చేసినప్పుడు కూడా ఆ నమ్మకంతోనే ఉన్నాను.

"బండి కొందామనుకుంటున్నరా. మీ పెద్దమ్మ కోసం. నువ్వు చూసిపెట్టాలె."

పెద్దనాన్న దర్జీ. ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ మొదటి అంతస్తులో ఆయన దుకాణం. నాంపల్లి కోర్టుల్లో తిరిగే వకీళ్ల నల్లకోట్లలో చాలా వాటికి ఆయనే కొలత తీశాడు. పెద్దమ్మ బడి టీచరుగా పనిచేసి రిటైరైంది. బషీర్‌బాగ్‌లో వాళ్ల చర్చి క్వయర్‌లో ముప్పై ఏళ్లుగా ఆల్టో, అంటే పాటల బృందంలో ఆడవాళ్ల కింది స్వరం, పాడుతుంది. మూడు నెలల కిందట ఆమెకు తుంటి కీలు మార్చే ఆపరేషన్ అయింది. నడక బాగానే వచ్చింది, చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది. కానీ ఆ మూడు నెలల్లో ఒక్క ఆదివారం కూడా చర్చికి పోలేదు.

ఎందుకంటే, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి ఆమెను ఎత్తి టాక్సీలో కూర్చోబెట్టారు. నాంపల్లిలో ఇంటి ముందు అట్లాగే ఎత్తి దించారు. గల్లీలో ఉన్నవాళ్లందరూ చూశారు. ఆ రోజే ఆమె చెప్పేసింది: "బియ్యం బస్తా లెక్క నన్ను ఇంకోసారి ఎవరన్న లేపితె ఊకోను. నా అంతట నేను ఎక్కాలె, నా అంతట నేను దిగాలె. లేకుంటె ఇంట్లనే ప్రార్థన చేసుకుంట." తర్వాత వ్యాయామాల కోసం పోవాల్సి వస్తే ఫిజియోథెరపిస్టునే ఇంటికి పిలిపించుకుంది తప్ప బండి ఎక్కలేదు. ఆటోలో మెట్టు ఎత్తు, పైకప్పు కిందికి. మామూలు కారులో సీటు మరీ కిందికి. మోకాళ్లు తుంటి కంటే పైకి లేచేట్టు కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

కాబట్టి నాకు ప్రశ్న స్పష్టంగానే ఉంది. సీటు ఎత్తుగా ఉండే చిన్న బండి కావాలి, గల్లీలో తిరగాలి. ఈ రెండూ కలిపితే వచ్చేది కాంపాక్ట్ ఎస్‌యూవీ. నాలుగు మీటర్ల లోపు పొడవు, నేల నుంచి మంచి ఎత్తు. నిజానికి ఆ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు క్రాసోవర్లు. అంటే లారీలాంటి చట్రం మీద కట్టినవి కావు, మామూలు కారునే కొంచెం పైకి లేపి, మూతిని వెడల్పు చేసినవి. కొన్నింటిని బాగా లేపుతారు, కొన్నింటిని పేరుకు లేపుతారు. ఆ తేడా బ్రోచర్లో ఉండదు. అందులో ఉండేది బండి కడుపుకూ నేలకూ మధ్య ఎత్తు. మనిషి కూర్చునే ఎత్తు ఏ కంపెనీ రాయగా నేను చూడలేదు.

వారం రోజులు ఐదు బండ్లు చూశాను, మూడు కొట్టేశాను. ఒకదాంట్లో ముందు అద్దం పక్కనుండే స్తంభం మందం, మలుపులో మనిషి కనిపించడు. ఇంకొకదాని గేర్లు ఆబిడ్స్ ట్రాఫిక్‌లో నత్తిగా మాట్లాడినట్టు పడుతున్నాయి. మూడోదాని వెనక తలుపు సగమే తెరుచుకుంటుంది. మిగిలినవి రెండు. ఒకటి తెల్లది, నిటారుగా, పెట్టెలా ఉండే బండి. ఇంకొకటి బూడిద రంగుది, కారుకూ ఎస్‌యూవీకీ మధ్యలో ఆగిపోయినట్టుండేది. తెల్లదానికి మార్కులు చాలా ఎక్కువ వచ్చాయి. కాగితం మీద రెండూ అచ్చు వేయించి ఆబిడ్స్ పోయాను.

దుకాణంలో ఒక వకీలు కొలతలిస్తున్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పెద్దనాన్న కొలతలు తీయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ ఆ రోజు వరకు గమనించలేదనే చెప్పాలి. ఆయన "నిటారుగా నిలబడున్రి" అని ఎప్పుడూ అనడు. టేపు మెడలో వేసుకుని మాట్లాడుతూ ఉంటాడు. కేసు ఏమైంది, జడ్జి మారిండా, బిడ్డ పెళ్లి కుదిరిందా. వకీలు గట్టిగా గాలి పీల్చి పొట్ట లోపలికి లాక్కున్నాడు. పెద్దనాన్న టేపు తీయలేదు. ఇంకో ప్రశ్న వేశాడు. వకీలు జవాబు చెబుతూ నవ్వాడు, పొట్ట వదిలేశాడు. అప్పుడు టేపు నడుము చుట్టూ తిరిగి, అంకె చెప్పేసి, తిరిగి మెడలోకి వచ్చేసింది.

అతను పోయాక అడిగాను, అంతసేపు ఎందుకు ఆగావని.

"కొలుస్తున్నరని తెలిస్తె ఒళ్లు అబద్ధం ఆడ్తదిరా. మర్చిపోయినప్పుడే నిజం చెప్తది." తర్వాత నా కాగితాలు తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. డెబ్బై రెండు వరసలూ వేలు పెట్టి ఓపికగా చదివాడు. నాకు గర్వంగానే ఉంది.

"మస్తుగ కొలిచినవ్ బండిని," అన్నాడు. "మీ పెద్దమ్మను కొలిచినవా?"

"ఐదడుగులుంటది కద," అన్నాను.

"నా కస్టమర్ గట్ల చెప్తె కోటు కుట్టొస్తదా?" అని నవ్వి, షట్టర్ సగం దించి, "ఇంటికి పోదాం పా," అన్నాడు.

ఇద్దరం నాంపల్లి దాకా నడిచాం. వాళ్లది స్టేషన్‌కు దగ్గరలో ఒక గుడ్డి గల్లీ, అంటే చివర గోడ ఉన్న గల్లీ. పోయిన దారినే వెనక్కి రావాలి. పెద్దమ్మ కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చుని పాటల పుస్తకం చూస్తోంది. నన్ను చూసి కర్ర తీసుకోకుండానే లేచింది, చేతులు ఆనించకుండా. నేను "అబ్బ, మస్తు కోలుకున్నవ్ పెద్దమ్మా" అన్నాను. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే పెద్దనాన్న ఆ కుర్చీ మీది దిండు ఎత్తి చూపించాడు.

దిండు కింద సూటు బట్ట మడతలున్నాయి. మడత మీద మడత, అంచులు ఒక్క తీరుగా, ఇస్త్రీ చేసినట్టు. దవాఖాన నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన ఆ కుర్చీని కొంచెం కొంచెం ఎత్తు పెంచుతూ వచ్చాడట. ఒక మడత వేసి మూడు రోజులు చూసేవాడు. ఆమె లేచేటప్పుడు చెయ్యి గోడ మీదికి పోతోందా, కర్ర మీదికి పోతోందా, మొహంలో ఏమన్నా మారుతోందా. ఇంకో మడత. మళ్లీ మూడు రోజులు. ఎత్తు ఎక్కువైన రోజు పాదాలు నేలకు సరిగ్గా ఆనక ఆమె ముందుకు జారినట్టు కూర్చుంది. ఆ రోజు ఒక మడత తీసేశాడు. అప్పటి నుంచి మార్చలేదు.

"ఇరవై ఒక్క ఇంచులు," అన్నాడు. "ఒక్క ఇంచు తక్కువైతె చెయ్యి ఆనిస్తది. ఒక్క ఇంచు ఎక్కువైతె మడమ లేస్తది."

మా ప్రయోగశాలలో ఒక సీటు మీద ఇలాంటి పరీక్ష చెయ్యాలంటే ఒక బృందం కావాలి, సెన్సర్లు కావాలి, ముందు అనుమతి కాగితాలు కావాలి. ఈయన ఒక్కడే, కొలత ఇచ్చే మనిషికి తెలియకుండా, వకీలు పొట్ట వదిలేసే క్షణం కోసం కాచుకున్నట్టు, మూడు నెలలు కాచుకున్నాడు.

"ఏం గుసగుస?" పెద్దమ్మ కప్పులతో వచ్చింది. దిండు ఎత్తి ఉండటం చూసింది. "ఓ, అదా. చూపిస్తున్నరా పిలగానికి? నాకు తెల్వదనుకుంటున్నరు టైలర్ మాస్టర్ సాబ్. ముప్పై ఏండ్లు పిల్లల్ని కూసోబెట్టి పాఠం చెప్పిన, నా కుర్చీ పెరుగుతుంటె నాకు ఎరుక కాదా?"

"మరి చెప్పలేదేంది?" పెద్దనాన్న నిజంగానే తెల్లబోయాడు.

"చెప్తె మీరు కొలిచేది ఆపుతరని."

ఆ రాత్రి జాబితాలో డెబ్బై మూడో వరస చేర్చాను: కూర్చునే ఎత్తు, ఇరవై ఒక్క అంగుళాలకు తగ్గకూడదు.

మరుసటి రోజు షోరూంకు మేమిద్దరమే పోయాం. అక్కడి సేల్స్ అమ్మాయి చురుకైన మనిషి. బండి గురించి తెలిసింది చెబుతుంది, తెలియనిది తెలియదంటుంది. పెద్దనాన్న మెడలోంచి టేపు తీయగానే ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అంకుల్, బండికి కోటు కుట్టిస్తున్నరా?"

"కుట్టిన కోటే కద బిడ్డా ఇది. ఎవలికి సరిపోతదో చూస్తున్న."

తెల్లదాని ముందు సీటు ఇరవై ఐదు అంగుళాలు. బూడిద రంగుదాని సీటు ఇరవై. నా లెక్క ముగిసింది. ఇరవై ఒకటి కావాలి, బూడిద రంగుది ఒక అంగుళం తక్కువ. ముందు ఎడమ సీటు పైకి లేపే ఏర్పాటు కూడా లేదు. చాలా బండ్లలో ఆ ఏర్పాటు డ్రైవర్ సీటుకే ఇస్తారు, పక్కన కూర్చునే మనిషి సర్దుకోవాలి. కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. పక్క సీటును పైకి లేపే మీట ఉందో లేదో, చేతితో తడిమి చూడాలి.

పెద్దనాన్న మాత్రం టైరును బొటనవేలితో నొక్కాడు. "గాలి ఎక్కువుంది దీంట్ల."

నేను గేజీ పెట్టి చూశాను. నిజమే. యార్డులో రోజుల తరబడి నిలబడే బండ్లకు గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు, దించడం మర్చిపోతారు. నా జాబితాలో టైరు కొలత ఉంది, పేరు ఉంది, గాడి లోతు ఉంది. గాలి లేదు.

"ఊపిరి బిగబట్టింది," అన్నాడు. "వదలమను."

రెండు బండ్లకూ గాలి సరిచేయించాం. తర్వాత అందరినీ ఎక్కి దిగమన్నాడు. నేను, సేల్స్ అమ్మాయి, ఇంకో ఉద్యోగి. మేం లోపల కదిలి కూర్చుని దిగాక, బండి కుదురుకున్నాక, ఆయన మోకాలి మీద కూర్చుని మళ్లీ కొలిచాడు. రెండు బండ్లూ ఒక్కో అంగుళం కుంగాయి. తెల్లది ఇరవై నాలుగు, బూడిద రంగుది పందొమ్మిది. నేను బూడిద రంగుదాని కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

"అది తీసెయ్యి పెద్దనాన్నా. పందొమ్మిదంటే డాక్టర్ ఒప్పుకోడు."

"ట్రయల్ చూడకుంట తీసేస్తరార? కచ్చా కుట్టు వేసి, మనిషి మీద చూసినంకనే కత్తెర." ఆయన సేల్స్ అమ్మాయి వైపు తిరిగాడు. "బిడ్డా, రెండు బండ్లు మా ఇంటికాడికి తేగలవా? ఆమె గీడికి రాదు. వచ్చేటట్టుంటె బండెందుకు?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "ఔ అంకుల్, శనివారం పొద్దుగాల తెస్త," అంది.

శనివారం పది గంటలకు తెల్లది వచ్చింది. గల్లీలో బండి నిలపడానికి ఒక్కటే తీరు. మూతి లోపలికి, ఎడమ పక్క మా పెద్దనాన్న ఇంటి గడప వైపుకు, తలుపు తెరిచేంత జాగాతో. కొంచెం ఇవతలికి జరిపినా వెనకవచ్చే స్కూటర్లు హారన్ మొదలుపెడతాయి. పెద్దమ్మ నీలం అంచు కాటన్ చీర కట్టుకుని, చేతికర్రతో గడప దాటి వచ్చింది. చేతిలో పాటల పుస్తకం ఉంది. పదకొండుకు క్వయర్ ప్రాక్టీస్ అని నాకు తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఆమె సీటుకు వీపు పెట్టి నిలబడింది. ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతి అదే. ముందు నడుము సీటు మీద ఆనాలి, తర్వాత కాళ్లు లోపలికి తిరగాలి. సీటు అంచు ఆమెకు ఎక్కడో పైన తగిలింది. మునివేళ్ల మీద లేచింది. మడమలు వణికాయి. సేల్స్ అమ్మాయి పట్టుకోబోయింది.

"చెయ్యి తియ్ బిడ్డా."

మళ్లీ ప్రయత్నించింది. నుదుటి మీద చెమట. ఎదురింటి ఆమె తలుపు తీసి నిలబడింది. పెద్దమ్మ అది చూసింది. కర్ర నేలకు గట్టిగా ఆనించి, "వద్దు ఇగ," అంది. గొంతు మామూలుగానే ఉంది, కానీ పాటల పుస్తకాన్ని గుండెకు అదుముకుంది.

"ఫుట్‌బోర్డు పెట్టిద్దాం పెద్దమ్మా, బయట అమ్ముతరు," అన్నాను తొందరగా.

"ఒక్క కాలు మీద నిలవడి ఇంకో కాలు లేపాలె. గది చేసేటట్టుంటె ఆటోనే ఎక్కుతుంటి."

నాకు అర్థం కాలేదు. ఇరవై నాలుగు అంగుళాలు. కుర్చీ కంటే మూడే ఎక్కువ. కష్టపడాలి గానీ ఇంత అసాధ్యం కాకూడదు. పెద్దనాన్న వచ్చి, ఆమె పాదాల పక్కన వంగి, ఆమె చెప్పు పక్కన టేపు కొన ఆనించి, సీటు అంచు వరకు లాగాడు.

ఇరవై ఆరు.

రోడ్డును వేసిన ప్రతిసారీ పాత దాని మీదనే కొత్త పొర వేసుకుంటూ పోయారు. గల్లీ మధ్య భాగం పైకి లేచింది. ఇంటి ముందు మోరీ కాలువ మీద పరిచిన బండలు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోయాయి. బండి చక్రాలు రోడ్డు మీద ఉన్నాయి, ఆమె కాళ్లు బండ మీద ఉన్నాయి. మధ్య రెండు అంగుళాల తేడా. నేను ఆ ఇంటికి ఎన్ని వందల సార్లు వచ్చానో చెప్పలేను. ప్రతిసారీ ఆ తేడా మీద కాలు పెట్టే లోపలికి పోయాను. షోరూం టైల్స్ మీద నిలబడి కొలిచి, కొలత అయిపోయిందనుకున్నాను.

"కొలత ఏడికెళ్లి మొదలుపెడ్తమనేది కూడ కొలతేరా," అన్నాడు పెద్దనాన్న, నన్ను తప్పుపట్టినట్టు కాకుండా, తనకు తానే చెప్పుకున్నట్టు. "బండి యాడ నిలవడ్డదో కాదు, మనిషి యాడ నిలవడ్డదో ఆడికెళ్లి."

అంతలోనే నా తలలో లెక్క తిరిగింది. పందొమ్మిదికి రెండు కలిపితే ఇరవై ఒకటి. జేబులోంచి మడిచిన కాగితం తీశాను. నేను కొట్టేసిన బండి ఈ గడప ముందు, ఈ బండ మీద, సరిగ్గా ఆ కుర్చీ ఎత్తుకు వస్తుంది.

అమ్మాయి తెల్లదాన్ని తీసుకుపోయి బూడిద రంగుదాన్ని తెచ్చేసరికి పావుగంట పట్టింది. పెద్దమ్మ లోపలికి పోలేదు. గడప దగ్గరే కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

ఈసారి వీపు పెట్టి నిలబడగానే సీటు ఆమెకు అందింది. కూర్చుంది. మడమలు బండ మీదనే ఉన్నాయి. తర్వాత కాళ్లు లోపలికి తిప్పబోయింది, తిరగలేదు. సీటుకు గరుకు బట్ట, ఆమెది కాటన్ చీర. రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నడుము తిరగకుండా కాళ్లు మాత్రమే తిప్పితే కొత్త కీలు మెలిపడుతుంది. అది అసలు చేయకూడదు. ఆమె సగం లోపల, సగం బయట ఆగిపోయింది.

"పట్టు చీర కట్టుకొని రావాలెనేమో పెండ్లికి పోయినట్టు," అని నవ్వబోయింది. ఆ నవ్వు సరిగా రాలేదు.

ఘర్షణ గుణకం. మూడో సెమిస్టర్లో దాని మీద నాకు మంచి మార్కులొచ్చాయి. ఇక్కడ నిలబడి నేను చేసిందల్లా ఆ పేరు గుర్తు చేసుకోవడమే. పెద్దనాన్న అప్పటికే లోపలికి పోయి వచ్చాడు. చేతిలో నల్లటి మెరుపు బట్ట, కోటు లోపల వేసే అస్తరు. దాన్ని రెండు మడతలు వేశాడు, మెరుపు వైపు మెరుపు వైపుకు తగిలేట్టు.

"జర లే."

ఆమె లేచింది. బట్ట పరిచాడు. మళ్లీ కూర్చుంది.

"కోటు చేతిల అస్తరు ఎందుకేస్తరో చెప్పు," అని నన్నడిగాడు. నేను చెప్పేలోపే పెద్దమ్మ నడుము, కాళ్లు అన్నీ కలిసి, ఒక్క మనిషిలా, లోపలికి తిరిగాయి. కింద పొర సీటును పట్టుకుంది, పై పొర చీరను పట్టుకుంది, రెండూ ఒకదాని మీద ఒకటి జారాయి. నిమ్మళంగా, చప్పుడు లేకుండా. చెయ్యి చొక్కా మీంచి కోటులోకి పోయినట్టే పోయింది.

ఎదురింటి ఆమె "అవ్వో!" అంది.

పెద్దమ్మ ముందు అద్దంలోంచి గల్లీని చూసింది. సీటు బెల్టు లాగి పెట్టుకుంది. నేనూ పెద్దనాన్నా వెనక తలుపు తీయబోయాం.

"ఎవరూ ఎక్కకున్రి. మీరెక్కితె బండి కుంగుతది, మాస్టర్ లెక్క మారుతది," అంది. అమ్మాయి వైపు తిరిగి, "బషీర్‌బాగ్ పోనియ్ బిడ్డా. పదకొండు కావస్తుంది," అంది.

బండి వెనక్కి పోయింది, గల్లీ మొదట్లో తిరిగింది, కనిపించకుండా పోయింది. పెద్దనాన్న మెడలో టేపుతో, చేతిలో ఆమె మర్చిపోయిన కర్రతో నిలబడ్డాడు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అరేయ్," అన్నాడు, "ఆడ మోరీ బండలు లేవు."

మాకు గుర్తున్నంతలో చర్చి ఆవరణ చదును. అక్కడ ఆ సీటు మళ్లీ పందొమ్మిది అయిపోతుంది, మహా అయితే ఇరవై. లేవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. కర్ర కూడా ఇక్కడే ఉంది. క్వయర్ మొత్తం చూస్తుండగా, మూడు నెలలుగా ఆమె ఏది జరగకూడదనుకుందో సరిగ్గా అదే జరుగుతుంది. పెద్దమ్మకు ఫోన్ చేశాను, ఇంట్లోనే మోగింది; బండి నడుపుతున్న సేల్స్ అమ్మాయి ఎత్తలేదు. గల్లీ మొదటిదాకా దాదాపు పరిగెత్తాం. పెద్దనాన్న ఆటోను చేతికర్రతోనే ఆపాడు.

"జర జల్ది పోనియ్ భాయ్," అన్నాడు. దారి పొడుగునా టేపు కొనను వేలికి చుట్టి విప్పుతూ ఉన్నాడు.

మేం చేరేసరికి బూడిద రంగు బండి ఖాళీగా నిలబడి ఉంది. అది నిలబడిన తీరు వింతగా ఉంది. చర్చి వాకిట్లో కార్ల కోసం వేసిన సిమెంటు బాట ఉంది, పక్కనున్న ఇసుక నేల కంటే కొంచెం ఎత్తు. బండి ఆ బాట మీద, ఎడమ చక్రాలు సరిగ్గా అంచు దగ్గర ఉండేట్టు ఆగింది. తలుపు ఇసుక మీదికి తెరుచుకుని ఉంది. ఇసుకలో రెండు చెప్పుల అచ్చులు పక్కపక్కనే, మడమలు లోతుగా దిగి ఉన్నాయి.

సేల్స్ అమ్మాయి మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. "ఆంటీ చెప్పిన్రు అన్నా. 'మెట్ల కాడ వద్దు బిడ్డా, ఈ అంచుకు ఆపు, నా కాళ్లు కిందికి రావాలె' అన్నరు. ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం ఎడమకు అని రెండు సార్లు తీయించిన్రు. మళ్ల ఆ బట్ట మీదనే బయటికి తిరిగి, లేచిన్రు. నేను చెయ్యి పెట్టలే, ఒట్టు."

"కర్ర లేకుంట లోపలికెట్ల పోయింది?" అని పెద్దనాన్న అడిగాడు.

"గోడ పట్టుకొని. మెల్లగనే పోయిన్రు."

పెద్దనాన్న ఇసుక అంచు దగ్గర వంగాడు. కొలుస్తాడనుకున్నాను. కొలవలేదు. ఆ చెప్పుల అచ్చులను చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. ఆయన మూడు నెలలు తీసుకున్నదాన్ని, నేను వారం రోజులు తీసుకుని తప్పు చేసినదాన్ని, ఆమె గల్లీలో ఒక్కసారి విని, టేపు లేకుండా, కంటితో చూసి ఇక్కడ కొలిచేసింది. నా చదువులో దీనికి పేరేదో ఉండే ఉంటుంది. ఆ నిమిషం నాకు గుర్తు రాలేదు, గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు.

లోపల పియానో మొదలైంది. పాట ఎత్తుకున్నారు. నాలుగు స్వరాల్లో ఆమెది ఏదో నేను చెప్పలేను. పెద్దనాన్నకు తెలుసు. ఆయన తల కొంచెం పక్కకు వంచాడు, కోటు భుజం కుట్టు సరిగా పడిందో లేదో చూసేటప్పుడు వంచినట్టు.

సేల్స్ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "అంకుల్, ఇదే బుక్ చేద్దామా మరి?"

"ఆమెను బయటికి రానియ్," అన్నాడు పెద్దనాన్న. "ఆమెనే అడుగుదాం."

లోపల ఎవరో తప్పు పాడినట్టున్నారు. పాట ఆగింది, నవ్వులు వినిపించాయి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మేం ముగ్గురం బయట గోడ నీడలో నిలబడ్డాం.